నూటికి 98 తెలుగు

తెలుగు పరీక్షలో నూటికి 98 మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు, తెలుగు దినపత్రికలో సంపాదకీయం చదివి అందులో ఏముందో నాలుగు ముక్కల్లో చెప్పలేకపోతే తప్పెవరిది? ఇంట్లో ఆంగ్లం మాట్లాడే తల్లిదండ్రులదంటారు కొందరు. టీవీది, సెల్‌ఫోనుది అంటారు ఇంకొందరు. పిల్లవాడికే శ్రద్ధ లేదంటారు మరికొందరు. ఇన్ని నెపాలు వెతికే మనం, ఆ 98 మార్కులు వేసిన ప్రశ్నపత్రాన్ని మాత్రం తిప్పి చూడం. ఈ టపాలో ఆ పని చేద్దామని నా ఉద్దేశం.

పరీక్ష అంటే కొలత. పాలకు సోల, బట్టకు గజంబద్ద. ఎవరైనా సోల పట్టుకుని బట్ట కొలవబోతే నవ్వుతాం. అయితే బిడ్డకు తెలుగెంత వచ్చిందో కొలవడానికి, బిడ్డ ఎంత వల్లె వేశాడో చూపే పనిముట్టును తరతరాలుగా వాడుతున్నాం. ఒక్కరికీ నవ్వు రావడం లేదు. నా అభియోగం ఇదే: మన బడుల్లో జరిగే తెలుగు పరీక్షల్లో ఎక్కువభాగం తెలుగు పరీక్షలు కావు.

అభియోగం మోపినవాడు సాక్ష్యం చూపాలి కదా. చూద్దాం.

వ్యుత్పత్త్యర్థాలతో మొదలుపెడదాం. "పుత్రుడు" అన్న మాటకు వ్యుత్పత్త్యర్థం వ్రాయమంటారు. "పున్నామ నరకం నుండి రక్షించువాడు" అని వ్రాస్తే మార్కు. ఆ మాట సంస్కృతంలో ఎలా పుట్టిందన్న చర్చ పిల్లవాడికి తెలియదు, తెలియజెప్పరు. అలా వ్రాసినంత మాత్రాన వాడి తెలుగు వీసమెత్తు పెరగదు. తరువాత ప్రకృతి – వికృతులు. ఆశ్చర్యానికి వికృతి అచ్చెరువు. ఈ జంటను తప్పులేకుండా వ్రాసిన పిల్లల్లో "అచ్చెరువు" అన్న మాటను సొంత వాక్యంలో ఒక్కసారైనా వాడినవారు ఎందరు? ఆ మాట వారికి జవాబు మాత్రమే, మాట కాదు.

సంధుల సంగతి ఇంకా విచిత్రం. "వాడెక్కడ" అన్న పదాన్ని విడదీసి సంధి పేరు వ్రాయమంటాం. "వాడు + ఎక్కడ, ఉత్వసంధి" అని వ్రాస్తాడు. ఇటువంటి సంధులు వాడికి మూడో ఏటనే వచ్చు. ఆకలేసినప్పుడు "అమ్మెక్కడ" అని అడిగిన నోటికి ఏ సూత్రమూ నేర్పనక్కరలేదు. వాడికి పుట్టుకతో వచ్చినదానికి మనం పేరు పెట్టి, ఆ పేరు గుర్తుందా లేదా అని పరీక్షిస్తున్నాం. పేర్లు తెలియడం తప్పని నేననను. వ్యాకరణం గొప్ప శాస్త్రం; ఇష్టమున్నవారు తప్పక చదవాలి. కాని భాష గురించి తెలియడం వేరు, భాష తెలియడం వేరు. వంటలో దినుసుల పేర్లన్నీ ఏకరువు పెట్టినవాణ్ణి వంటవాడని పొయ్యి దగ్గర కూర్చోబెడితే ఆ పూట పస్తే.

ఛందస్సు చూడండి. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ గణాలు, పదవ అక్షరం యతిస్థానం – ఇది గుర్తుంటే చాలు. గణవిభజనకు ఇచ్చే పాదం పాఠ్యపుస్తకంలోదే. గురువులూ లఘువులూ ఇదివరకే గీసి పెట్టిన గైడు ఉండనే ఉంది. పద్యం చెవికి ఎలా వినిపిస్తుందో, ఎక్కడ నడక తూలుతుందో పిల్లవాడికి తెలియవలసిన అవసరమే రాదు. పద్యాన్ని చెవితో కాక కంటితో చదివే తరాన్ని తయారు చేసి, పద్యం చచ్చిపోతున్నదని సభల్లో విలపిస్తున్నాం.

ఇక ప్రతిపదార్థం, భావం, సందర్భసహిత వ్యాఖ్య, కవిపరిచయం. ఇవన్నీ వాచకంలో ఉన్న పద్యాలకే, ఉన్న కవులకే. కవి పుట్టిన ఊరు, వ్రాసిన గ్రంథాలు, వచ్చిన బిరుదులు – ఈ మూడు వరుసలూ రైలు కాలపట్టికలా నేర్చుకున్న పిల్లవాడు, అదే కవి పద్యం మరొకటి ఎదురైతే గుటకలు మింగుతాడు. ఇది చదవడమా?

"అయ్యా, తమరు పాతకాలం మాటలు చెబుతున్నారు, పరీక్షలు మారాయి" అనేవారుంటారు. నిజమే, 2014 తరువాత రెండు రాష్ట్రాల పదవ తరగతి ప్రశ్నపత్రాల్లో "అవగాహన – ప్రతిస్పందన", "వ్యక్తీకరణ – సృజనాత్మకత" వంటి శీర్షికలు వచ్చాయి. వాచకంలో లేని గద్యభాగం ఇచ్చి ప్రశ్నలడగడం, కరపత్రమో అభినందన పత్రమో సంభాషణో వ్రాయమనడం మొదలయింది. ఆలోచన మంచిదే, ఆ మార్పు తెచ్చినవారికి నమస్కారం. తరువాత జరిగిందేమిటి? సృజనాత్మక ప్రశ్నలకు కూడా గైడ్లలో జవాబులు అచ్చయ్యాయి! పర్యావరణంపై కరపత్రం, సైనికుడికి అభినందన పత్రం, రెండు చెట్ల మధ్య సంభాషణ – అన్నీ సిద్ధం. పిల్లలు సృజనను కంఠస్థం చేస్తున్నారు. ఈ వాక్యం మరొక్కసారి చదవండి. ప్రపంచంలో ఇంతకంటె విషాదకరమైన హాస్యం ఉంటుందా?

ఇందుకు గైడు అమ్మేవాణ్ణి తిట్టి లాభం లేదు. వాడు వ్యాపారి, సరుకుకు గిరాకీ ఉంటే అమ్ముతాడు. ఏ కరపత్రం అడుగుతారో ముందే తెలిసిపోయేలా ప్రశ్నపత్రం కూర్చినవారే ఆ గిరాకీని సృష్టించారు.

నాకు తెలిసిన ఒక అమ్మాయి, తొమ్మిదో తరగతి. పల్లె గురించి వ్యాసం వ్రాయమంటే, "పల్లెలు దేశానికి పట్టుకొమ్మలు" అన్న వాక్యంతో మొదలుపెట్టకుండా, తన అమ్మమ్మగారి ఊళ్ళో బోరు ఎండిపోయాక నీళ్ళ ట్యాంకరు వచ్చే రోజున వీధి ఎలా ఉంటుందో వ్రాసింది. బిందెలు వరుసలో పెట్టి మనుషులు నీడలో కూర్చుంటారట. ఎవరి బిందె ఏదో సొట్టలను బట్టి గుర్తుపడతారట. చదివి నేను ముగ్ధుణ్ణయ్యాను. ఆ అమ్మాయికి ఎనిమిదికి రెండు మార్కులు. పక్కన ఎర్రసిరాతో "ముఖ్యాంశాలు లేవు" అని. దిద్దినావిడను నేను తప్పుపట్టను. ఆమె ముందు దొంతరగా కాగితాలున్నాయి, చేతిలో ముఖ్యాంశాల పట్టిక ఉంది. పట్టికలో ఉన్నవి వ్యవసాయం, స్వచ్ఛమైన గాలి, ఐకమత్యం, పండుగలు. సొట్టబిందె లేదు. మరుసటి పరీక్షకు ఆ అమ్మాయి పట్టుకొమ్మలతోనే మొదలుపెట్టింది, ఆరున్నర వచ్చాయి. మా అందరి కళ్ళముందే ఒక రచయిత్రి నోరు మూసుకుంది. పరీక్ష కొలవడంతో ఆగదు, తాను కొలవగలిగినదాన్ని మాత్రమే మిగిల్చి తక్కినదాన్ని నరికివేస్తుంది. నా కోపమంతా ఇందుకే.

ఇప్పుడు ఎదురువాదాలు చూద్దాం. రెండున్నాయి, రెండూ తీసిపారేయదగ్గవి కావు.

మొదటిది నిష్పాక్షికత. "ఏటా ఒక్కొక్క రాష్ట్రంలో లక్షలాది పిల్లలు పదో తరగతి పరీక్ష వ్రాస్తారు. స్పాట్ వాల్యుయేషన్‌లో వేలమంది ఉపాధ్యాయులు దిద్దుతారు. సొంతమాటల్లో వ్రాసిన జవాబుకు ఒకరు ఆరు, ఇంకొకరు మూడు వేస్తే పిల్లవాడి గతేమిటి? బిట్లయితే ఎవరు దిద్దినా ఒకటే" అంటారు. ఈ భయంలో నిజముంది. 1912లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే ఆంగ్ల జవాబుపత్రాన్ని ఎన్నో పాఠశాలల ఉపాధ్యాయులకు పంపి మార్కులు వేయమన్నారు. అదే పత్రానికి కొందరు 50కి దగ్గరగా, మరికొందరు 90కి పైగా వేశారు. కాబట్టి దిద్దేవారి మధ్య తేడా కల్పన కాదు.

అయితే ఆ తేడాకు విరుగుడు ఏమిటి? ఎవరు కొలిచినా ఒకే లెక్క రావాలంటే బరువు బదులు ఎత్తు కొలుద్దాం అన్నట్లుంది మనవాళ్ళ తర్కం. లెక్క కుదురుతుంది, బరువు మాత్రం తెలియదు. కొలత నిలకడగా ఉండాలి, కొలవవలసినదాన్నే కొలవాలి. ఈ రెంటిలో మొదటిదాని కోసం రెండోదాన్ని బలి ఇవ్వడం న్యాయం కాదు. దిద్దేవారికి ముందుగా నమూనా జవాబులిచ్చి, కలిసి దిద్దించి, ఎవరెక్కడ ఎక్కువ తక్కువలు వేస్తున్నారో సరిచూడవచ్చు. వ్యాసరచనను ఇద్దరిచేత దిద్దించి, తేడా హద్దుమీరితే మూడోవారికి పంపవచ్చు. విషయం, క్రమం, వాక్యనిర్మాణం, మాటల ఎంపిక – ఒక్కొక్కదానికి విడిగా మార్కులు పెట్టవచ్చు. ఖర్చవుతుంది. తెలుగు కోసం ఇన్ని ఉత్సవాలు చేసే ప్రభుత్వాలకు ఆ ఖర్చు భారమా?

మనలో చాలామంది ఏదో ఒకనాడు టోఫెల్ వ్రాసినవారే. 1964లో మొదలైన ఆ పరీక్షలో చాలాకాలం వ్యాకరణానికి ప్రత్యేకమైన భాగముండేది, ఇచ్చిన నాలుగింటిలో ఒకటి ఎంచుకునేవాళ్ళం. 2005లో వచ్చిన కొత్త రూపంలో ఆ భాగాన్ని తీసివేసి, నోరు తెరచి మాట్లాడడాన్ని తప్పనిసరి చేశారు. పరాయిభాష కొలిచేవారే ఆ మార్గం పట్టారు. మన పదవ తరగతి తెలుగు పబ్లిక్ పరీక్షలో మాత్రం పిల్లవాడు వినవలసిందీ లేదు, పలకవలసిందీ లేదు. మూగనోము పట్టి తెలుగులో నూటికి నూరు తెచ్చుకోవచ్చు!

రెండో ఎదురువాదం సంప్రదాయం. "కంఠస్థం చేయడం మన పద్ధతి. పద్యాలు నోటికి రానివాడికి భాషేమి వస్తుంది?" అంటారు పెద్దలు. పద్యాలు నోటికి రావాలన్నదానికి నేను రెండు చేతులూ ఎత్తుతాను. చిన్నప్పుడు నోటికి వచ్చిన సుమతి, వేమన పద్యాలే ఈనాటికీ నా వాక్యాన్ని నిలబెడుతున్నాయి. కాని పరీక్ష విషయంలో మన సంప్రదాయం ఏమిటో ఈ పెద్దలే మరచిపోయారు. తెలుగువాడు కనిపెట్టి పెంచి పోషించిన భాషాపరీక్ష ఒకటుంది. దాని పేరు అవధానం.

అవధానిని పృచ్ఛకులు ఏమడుగుతారు? "మీ గురువుగారు నేర్పిన పద్యం అప్పజెప్పండి" అని అడగరు. అర్థం పొసగని చివరిపాదమిచ్చి సమస్య పూరించమంటారు. పొంతన లేని నాలుగు మాటలిచ్చి, అవన్నీ వచ్చేలా ఫలానా విషయంపై పద్యం చెప్పమంటారు. నిషిద్ధాక్షరిలో అవధాని ఏ అక్షరం వేయబోతున్నాడో ఊహించి ఆ అక్షరాన్నే వద్దంటారు! అంటే ముందుగా సిద్ధం చేసుకున్న జవాబును పట్టుకుని అక్కడికక్కడే విరగ్గొట్టే ఏర్పాటు ప్రశ్నలోనే ఉంది. ఇంతకంటె పకడ్బందీగా గైడును ఓడించే ప్రశ్నపత్రం ఎవరైనా తయారుచేశారా? చివర ధారణ ఉంది, జ్ఞాపకశక్తికి అక్కడ పెద్దపీటే. కాని అవధాని అప్పజెప్పేది ఆ సభలో తాను అల్లిన పద్యాలను. మనం పిల్లలచేత పరుల వాక్యాలు అప్పజెప్పించి దానికి సంప్రదాయమని పేరు పెడుతున్నాం. తిరుపతి వేంకట కవుల పేరు చెప్పుకునే జాతికి ఇది తగునా?

పరీక్షలో ఏమడగాలన్నది చిన్న విషయమని ఎవరైనా అనుకుంటే, వందేళ్ళ కిందటి చరిత్ర ఒకసారి తిరగేయాలి. గ్రాంథిక – వ్యావహారిక వివాదం పండితుల సభల్లోనే సాగలేదు, ప్రశ్నపత్రం చుట్టూ కూడా సాగింది. విద్యార్థి వ్యాసరచన ఏ తెలుగులో చేయాలన్నదే ఆనాటి రచ్చ. మద్రాసు విశ్వవిద్యాలయం వారి తెలుగు వ్యాసరచన ఉపసంఘం నివేదికతో విభేదిస్తూ 1914లో గురజాడ అప్పారావుగారు సుదీర్ఘమైన అసమ్మతి పత్రం వ్రాశారు. ఆ మరుసటి ఏడే, 1915లో, ఆయన కన్నుమూశారు. కన్యాశుల్కం వ్రాసిన చెయ్యి చివరి రోజుల్లో పరీక్షల గురించి అంత శ్రమ ఎందుకు పడింది? పరీక్షలో ఏ తెలుగు అడిగితే బడిలో ఆ తెలుగే చెబుతారని ఆయనకూ గిడుగు రామమూర్తిగారికీ తెలుసు. ఏటా ఆగస్టు 29న గిడుగువారి పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుని, ఆ మరునాడు పిల్లవాడి చేతిలో మళ్ళీ గైడు పెడితే, ఆ మహానుభావులకు దండ వేశామా, దండన వేశామా?

విమర్శించడం సులువు, నువ్వయితే ఏమడుగుతావు అంటారా? ఇదిగో.

1. "ఆయన వచ్చాడు. ఆయన వచ్చాడట. ఆయన వచ్చాడేమో. ఆయన వచ్చాడుగా." ఈ నాలుగు మాటలూ ఎవరు, ఎప్పుడు, ఎవరితో అనవచ్చో చిన్న సన్నివేశాలు కల్పించి వ్రాయండి. (విన్నదానికీ చూసినదానికీ ఊహించినదానికీ తేడా ఒక్క ప్రత్యయంతో చెప్పగల భాష మనది. ఈ సంగతి ఏ ప్రశ్నపత్రమైనా పిల్లలచేత గమనింపజేసిందా?)

2. "రాముడిచ్చిన పుస్తకం", "రాముడికిచ్చిన పుస్తకం" – వీటిలో పుస్తకం ఇప్పుడు ఎవరి దగ్గర ఉండవచ్చు? ఎలా చెప్పగలరు?

3. మీ వీధిలో మూడు రోజులుగా కుళాయి నీళ్ళు రావడం లేదు. ఈ విషయం పురపాలక సంఘం కమిషనరుగారికి అర్జీగా ఒకసారి, పొరుగూరిలో ఉన్న మీ అన్నయ్యకు ఉత్తరంగా ఒకసారి వ్రాయండి. (మార్కులు రెంటికీ మధ్య ఉన్న తేడాకు.)

4. మీరు ఇదివరకు చదవని ఈ పద్యంలో ఒక మాట మార్చాము. చదువుతుంటే నడక ఎక్కడ తప్పిందో గుర్తించి, అక్కడ సరిపోయే మాట వేయండి.

5. ఈ వార్తను మీ నాయనమ్మకు అర్థమయ్యేలా యాభై మాటల్లో చెప్పండి.

6. పరీక్ష మొదట్లో మూడు నిమిషాలపాటు ఒక కథాభాగం చదివి వినిపిస్తాము. విని, ఈ ప్రశ్నలకు జవాబులు వ్రాయండి.

ఇందులో సంధి ఉంది, విభక్తి ఉంది, ఛందస్సు ఉంది, పత్రలేఖనం ఉంది. దేన్నీ వదలలేదు. వాటి పేర్లు అడగడానికి బదులు వాటితో పని చేయించాను, అంతే. ఈ ప్రశ్నలకు గైడు వ్రాయడం అసాధ్యమని చెప్పను, కాని అటువంటి గైడు చదివిన పిల్లవాడికి ఎంతో కొంత తెలుగు వచ్చి తీరుతుంది. మంచి పరీక్షకు నేనిచ్చే నిర్వచనం కూడా ఇదే: దానికోసం తయారవడమే చదువు కావాలి.

ఇంకొక్క నియమం. తన ప్రాంతపు మాట వ్రాసినందుకు ఏ బిడ్డకూ అరమార్కు కూడా తగ్గకూడదు. ఒకచోట సొరకాయ, మరొకచోట ఆనపకాయ. కూర మాత్రం ఒకటే. అర్జీలో ఏ భాష పనికివస్తుందో, ఇంటి ఉత్తరంలో ఏది అందగిస్తుందో తెలిసినవాడే భాష వచ్చినవాడు. ఇంటి మాటను పరీక్షలో తప్పుగా దిద్దితే, పిల్లవాడు ఆ మాటను మాత్రమే వదలడు. మెల్లగా తెలుగునే వదులుతాడు.

వదులుతున్నారన్నదానికి రుజువు ఇంటర్మీడియెట్‌లో చూడవచ్చు. అంతవరకు దేవనాగరి లిపి ముఖం చూడని పిల్లలు, రెండో భాషగా తెలుగును విడిచి సంస్కృతం తీసుకుంటారు. అది కాళిదాసు మీద ప్రేమ అయితే నేనూ సంతోషించేవాణ్ణి. కారణం మార్కులు. పెద్ద ప్రశ్నలకు జవాబు తెలుగులోనో ఆంగ్లంలోనో వ్రాసినా సరిపోయే పరీక్షలో నూటికి 99 రావడం తేలిక. ఈ ఏర్పాటులో సంస్కృతమూ రాదు, తెలుగూ రాదు. రెండు భాషలకూ ఒకేసారి అన్యాయం. ఇక్కడ కూడా పిల్లల్ని తిట్టకండి. పరీక్ష చూపిన దారిన వారు నడిచారు.

తెలంగాణ ప్రభుత్వం 2018లో చట్టం చేసి పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి చేసింది. మంచి మాట. కాని తప్పనిసరి చేయడం వల్ల పిల్లలు తరగతిలో కూర్చుంటారు, అంతవరకే. కూర్చున్న తరువాత వారికి ఎదురయ్యేది పున్నామ నరకమే అయితే, చట్టం తెలుగుకు మిత్రులను కాక శత్రువులను తయారుచేస్తుంది. భాషను బ్రతికించడానికి ఉద్యమాలు చేస్తున్నవారు తమ కోరికల జాబితాలో ప్రశ్నపత్రాన్ని కూడా చేర్చాలని నా మనవి. నామఫలకాల మీద తెలుగు కోసం పోరాడుతున్నాం, బాగుంది. జవాబుపత్రాల మీద తెలుగు కోసం ఎప్పుడు పోరాడతాం?

నా మాట నమ్మనక్కరలేదు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో చదువుకునే పిల్లలుంటే, వారి తెలుగు ప్రశ్నపత్రం ఒకటి అడిగి తీసుకోండి. ఎర్ర పెన్సిలు పట్టుకుని, పాఠం చదవకపోయినా గైడు బట్టీపడితే జవాబు వ్రాయగలిగిన ప్రశ్నలన్నీ కొట్టేయండి. మిగిలినవాటి మార్కులు కూడండి. ఆ పిల్లవాడు నిజంగా తెలుగు పరీక్ష వ్రాసింది ఎన్ని మార్కులకో తేలుతుంది. మీకు వచ్చిన లెక్క ఎంతో నాకూ చెప్పండి.